కరువు నేలలో ఇంటి ముందు పచ్చిక: ఒక సెంటు గరికకు వారానికి వెయ్యి లీటర్లు చాలు



ఆమధ్య గానుగ నూనె వీడియో పెట్టినప్పుడు వెనకాల మా ఇంటి ముందు పచ్చిక కనిపించింది. వీడియో నూనె గురించి, ఫోన్లు మాత్రం గడ్డి గురించి వచ్చాయి. "అన్నా, అనంతపురంలో ఏప్రిల్ నెలలో గడ్డి అంత పచ్చగా ఎట్లుంది? ఎన్ని నీళ్లు పోస్తాండావు?" అని కొంతమంది అడిగారు. ఇంకొంతమంది కోపంగానే అడిగారు. "ప్రకృతి వ్యవసాయం అని చెప్తావు, కరువు జిల్లాలో లాన్ పెంచుతావా?" అని.

ఆ కోపం న్యాయమైనదే. మీకంటే ముందు మా నాయన అదే మాట అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. ఈ పాఠంలో ఆ జవాబు లెక్కలతో సహా చెప్తాను. చేతి పనులు వీడియోలో చూపించాను. లెక్కలు మాత్రం ఇక్కడ చదివి, కాగితం మీద రాసుకోండి.

నేను చేసిన తప్పు

మాది ఎర్ర గరుసు నేల. కొంత చీనీ తోట, మిగతాది వేరుశనగ, కంది. వ్యవసాయ డిప్లొమా అయినాక కొన్నాళ్లు ఉద్యోగం చేసి, వదిలేసి వచ్చి గానుగ పెట్టుకున్నాను. నూనె కొనడానికి బెంగళూరు నుంచి కూడా కుటుంబాలు వస్తాయి. వాళ్లు కూర్చోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి బాగుంటుందని మూడేళ్ల కింద ఇంటి ముందు 3 సెంట్లలో లాన్ వేయించాను. చాపల్లాగా చుట్ట చుట్టి తెస్తారు చూడండి, ఆ సన్న గడ్డి. కొరియన్ గడ్డి అంటారు. అమ్మినాయన "పొద్దున అరగంట, సాయంత్రం అరగంట పైపు పట్టండి, చాలు" అన్నాడు. నేను అట్లే పట్టినాను.

మార్చి ఆఖరుకు బోరు రెండించుల నుంచి ఇంచుకు పడిపోయింది. డ్రిప్పు లైను చివర ఉన్న చీనీ చెట్లకు నీళ్లు సరిగా అందలేదు. ఆకు ముడుచుకుంది, పిందె రాలింది. ఒక సాయంత్రం నేను పైపు పట్టుకొని నిలబడి ఉంటే నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏమిరా, దినామూ ఆ గడ్డికి ఎన్ని నీళ్లు పోస్తాండావో ఎప్పుడన్నా లెక్క చూసినావా?" అన్నాడు. అంతే. అరవలేదు, తిట్టలేదు.

నేను లెక్క చూడలేదు. డిప్లొమా చదివినోణ్ణి, పంటకు ఎన్ని మిల్లీమీటర్ల నీళ్లు కావాలో పరీక్షల్లో రాసినోణ్ణి. ఇంటి ముందు గడ్డికి మాత్రం అంచనా లేకుండా పోశాను. ఆ రాత్రే బకెట్ పెట్టి చూశాను.

20 లీటర్ల బకెట్ మా పైపుతో 50 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 24 లీటర్లు. రోజుకు రెండు పూటలా కలిపి గంట, అంటే 1,440 లీటర్లు. వారానికి 10,080 లీటర్లు. మేము ఒక్కో చీనీ చెట్టుకు ఎండాకాలంలో రోజుకు సుమారు 100 లీటర్లు ఇచ్చేవాళ్లం. అంటే ప్రతి రోజూ 14 చెట్ల నీళ్లు నేను గడ్డి మీద పోస్తున్నాను.

మే నెలలో చివరి వరసలో నాలుగు చెట్లు చచ్చిపోయాయి. నేను డిప్లొమాలో చేరిన సంవత్సరం నాయన నాటిన చెట్లవి. బోరు తగ్గడానికి లాన్ ఒక్కటే కారణం కాదు, ఆ సంవత్సరం వానలే లేవు. అయినా ఆ నాలుగు చెట్లకు కావాల్సినది రోజుకు 400 లీటర్లే. నా పైపు ఒక పదిహేడు నిమిషాలు అటు తిప్పి ఉంటే సరిపోయేది. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ చెప్పకపోతే ఈ పాఠం అర్థం కాదు.

అసలు లాన్ అవసరమా?

మొదట ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. నా అభిప్రాయం ఏమంటే, చూడటానికి మాత్రమే అయితే మన ప్రాంతంలో లాన్ వద్దు. వాడుకునే వాళ్లకు, వాడుకునేంత మేరకే ఉండాలి.

పచ్చికతో లాభం లేకపోలేదు. బోడి నేల ఎండకు కాలిపోతుంది, గాలికి దుమ్ము లేస్తుంది, వాన పడితే పైమట్టి కొట్టుకుపోతుంది. మధ్యాహ్నం 2 గంటలకు బోడి నేల మీద, గడ్డి మీద చెయ్యి పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ప్రకృతి వ్యవసాయంలో మనం చెప్పుకునే మొదటి మాటే నేలను ఏడాది పొడుగునా కప్పి ఉంచాలని కదా. ఇంటి ముందు నేల కూడా నేలే.

కానీ కప్పడానికి లాన్ ఒక్కటే దారి కాదు. నా 3 సెంట్లు ఇప్పుడు ఇట్లా ఉన్నాయి. ఒక సెంటు గరిక పచ్చిక. ఒక సెంటులో నవధాన్యాలు చల్లి, తర్వాత కూరగాయలు, ఆకుకూరలు కలిపి వేసుకుంటున్నాం. మూడో సెంటు వేపచెట్టు నీడ, అక్కడ గడ్డి లేదు. ఎండుటాకు మల్చింగ్, రెండు కడప బండలు, ఒక నులక మంచం. ఇంటికొచ్చినోళ్లు ఎక్కువగా కూర్చునేది ఆ మంచం మీదే.

నీడ గురించి ఒక మాట గుర్తుపెట్టుకోండి. గరికకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. చెట్టు కింద గరిక పలచబడిపోతుంది. అక్కడ ఎన్ని నీళ్లు పోసినా, ఎంత ఎరువు వేసినా ఒత్తుగా రాదు. చెట్టు కింద గడ్డి కోసం కొట్లాడొద్దు.

పొలంలో శత్రువు, ఇంటి ముందు మిత్రుడు

కొరియన్ గడ్డి ఎండిపోతే ఏం వేయాలా అని ఆలోచిస్తున్నప్పుడు మా అవ్వ నవ్వింది. "గట్ల మీద గరిక పీకలేక సచ్చినాం నాయనా మేము. నువ్వేమో దుడ్లిచ్చి గడ్డి కొంటివి. గరిక సావదు. నీళ్లు లేకుంటే నిద్రపోతాది, వాన పడితే లేస్తాది" అంది.

అవ్వ చెప్పినదాంట్లో పూర్తి శాస్త్రం ఉంది. గరిక మన జొన్న, సజ్జ, చెరకు లాగా సి4 రకం మొక్క. ఎండ, వేడి ఎక్కువున్న చోట తక్కువ నీటితో ఎక్కువ పెరుగుతుంది. దానికి నేల మీద పాకే తీగలు, నేల లోపల పాకే దుంపకాండాలు రెండూ ఉంటాయి. పైన ఆకు ఎండిపోయినా లోపల కాండం బతికే ఉంటుంది. వినాయక చవితికి గరిక కోసం వెతికితే, వానలు లేని సంవత్సరం కూడా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది కదా, అందుకే.

కొరియన్ గడ్డిని నేను తప్పు పట్టడం లేదు. రోజూ రెండు పూటలా పైపైన తడిపి దాని వేర్లను పైకి తెచ్చింది నేనే. కానీ మళ్లీ వేయాల్సి వస్తే మన ఎండకు పుట్టిన గడ్డే మేలనిపించింది. విత్తనం కొనే పని కూడా లేదు. మన గట్టు మీదే నారు ఉంది.

ఒక హెచ్చరిక. గరికను పొలానికి ఆనుకొని పెట్టొద్దు. తీగ పాకి మడిలోకి పోతే మీరే నన్ను తిట్టుకుంటారు. నేను చుట్టూ కడప బండ ముక్కలు నిలువుగా, అడుగు లోతు పాతాను. అయినా నెలకోసారి అంచు వెంట కొడవలితో తీగలు కోసేస్తుంటాను.

నేల తయారీ: ముందు తుంగ సంగతి చూడండి

పచ్చికకు పెద్ద శత్రువు కరువు కాదు, తుంగ. తుంగను పైన పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. ఒక గడ్డ నుంచి మళ్లీ గొలుసులాగా గడ్డలు వస్తాయి. గరిక వేసిన తర్వాత తుంగ తీయడం దాదాపు కుదరని పని. కాబట్టి ముందే తీయాలి.

మే నెలలో నేలను అడుగు లోతు తవ్వి, ఎండకు వదిలేయండి. తేలిన గడ్డలన్నీ ఏరేయండి. తర్వాత ఒకసారి బాగా తడపండి. రెండు వారాల్లో మిగిలిన తుంగ మొలుస్తుంది. మళ్లీ గడ్డతో సహా తవ్వి తీయండి. ఇట్లా రెండు మూడు సార్లు చేస్తే చాలా వరకు పోతుంది. మేము మూడుసార్లు చేశాం. మా ఇంట్లో అందరం కూర్చొని ఏరితే ఒక సెంటులో రెండు బకెట్ల గడ్డలు వచ్చాయి.

గరుసు నేల అయితే చెరువు మట్టి కలిపితే నీళ్లు పట్టి ఉంచుతుంది. కానీ చెరువు మట్టిలో తుంగ గడ్డలు, కలుపు విత్తనాలు వస్తాయి. తెచ్చిన మట్టిని ఒక పక్కన పోసి తడిపి, మొలిచినవన్నీ తీసేసి అప్పుడు వాడండి. పశువుల ఎరువు వేసేవాళ్లు బాగా మాగినదే వేయాలి. పచ్చి పేడ, సగం మాగిన పేడ వేస్తే చెదలు, వేరుపురుగు రెండింటినీ పిలిచినట్టే.

మోతాదు గుర్తుంచుకోవడానికి తేలిక లెక్క ఉంది. ఎకరానికి 100 సెంట్లు కదా. ఎకరానికి చెప్పిన మోతాదును 100తో భాగిస్తే సెంటుకు వస్తుంది. ఘన జీవామృతం ఎకరానికి 400 కిలోలు అంటే సెంటుకు 4 కిలోలు. ద్రవ జీవామృతం ఎకరానికి 200 లీటర్లు అంటే సెంటుకు 2 లీటర్లు. ఇంత సులభం.

నాటడం

అనంతపురం వైపు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. అందులోనూ ఎక్కువగా పడేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. జూన్‌లో తొలకరి పడగానే ఆశపడి నాటితే, జులైలో వాన ఆగిపోయి మనం పైపు పట్టుకోవాలి. అందుకే నేను ఆగస్టులో, రెండు మంచి పదునులు అయ్యాక నాటాను.

గట్టు మీద నుంచి ముదురు తీగలు తవ్వుకోండి. మూడు నాలుగు కణుపులు ఉండేట్టు ముక్కలు చేయండి. నీడలో తడి గోనెసంచి కింద పెట్టుకొని, తెచ్చిన రోజే నాటేయండి. ముక్క ముక్కకు బెత్తెడు దూరం. రెండు కణుపులు మట్టిలో, ఒకటి పైన ఉండాలి. నాటగానే కాలితో గట్టిగా అదమండి, వేరుకు మట్టి తగలాలి. జీవామృతం ఒక లీటరుకు 10 లీటర్ల నీళ్లు కలిపి పైన చల్లండి.

మొదటి మూడు వారాలు మాత్రం నేల పైపొర ఆరకూడదు. వాన లేని రోజు కొంచెం కొంచెం తడపాలి. ఇది నాటిన కొత్తలో మాత్రమే. వేరు పట్టినాక ఈ అలవాటు మానుకోవాలి. మాకు రెండున్నర నెలల్లో నేలంతా కప్పేసింది.

నీళ్లు: ఎన్ని, ఎప్పుడు, ఎట్లా

ఇదే అసలు పాఠం. మెల్లగా చదవండి.

ఒక చదరపు మీటరు నేల మీద 1 లీటరు నీళ్లు పోస్తే 1 మిల్లీమీటరు వాన పడినట్టు. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. కాబట్టి సెంటుకు 40 లీటర్లు అంటే 1 మిల్లీమీటరు. వేరు పట్టిన గరికకు మంచి ఎండాకాలంలో వారానికి 25 మిల్లీమీటర్లు ఇస్తే పచ్చగా ఉంటుంది. 40 ఇంటూ 25, అంటే 1,000 లీటర్లు.

ఇప్పుడు నా పాత లెక్క చూడండి. 3 సెంట్లకు వారానికి 10,080 లీటర్లు. అంటే వారానికి 83 మిల్లీమీటర్లు. గడ్డికి కావాల్సినదానికి మూడింతలు. అయినా గడ్డి ఎందుకు వాడిపోయేది? రోజుకు రెండుసార్లు పోస్తే తడి పైనే ఉంటుంది. నీళ్లు పైనే దొరుకుతుంటే వేరు లోపలికి ఎందుకు పోతుంది? మధ్యాహ్నానికి పైపొర ఆరిపోతుంది, గడ్డి వాడిపోతుంది. అది చూసి మనం సాయంత్రం మళ్లీ పోస్తాం. మిగిలిన నీళ్లు కొంత ఆవిరైపోతాయి, కొంత వేర్లకు అందకుండా కిందికి దిగిపోతాయి, కొంత పారి రోడ్డు మీదికి పోతాయి.

కాబట్టి సూత్రం ఇది. తక్కువసార్లు, లోతుగా.

ఎర్ర నేలల్లో వారానికి రెండుసార్లు, ఒక్కోసారి సెంటుకు 500 లీటర్లు. నల్లరేగడి నీళ్లు ఎక్కువ పట్టి ఉంచుతుంది కాబట్టి వారానికి ఒకేసారి 1,000 లీటర్లు ఇవ్వవచ్చు. నా పైపుతో 500 లీటర్లంటే 21 నిమిషాలు. మీ పైపుకు ఎంతో మీరు బకెట్ పెట్టి చూసుకోవాలి, నా నిమిషాలు మీకు పనికిరావు. స్ప్రింక్లర్ వాడేవాళ్లు ఒకే సైజు, నిటారు గోడలున్న టిఫిన్ డబ్బాలు ఐదారు పచ్చిక మీద అక్కడక్కడ పెట్టి పావుగంట తిప్పండి. డబ్బాల్లో ఎన్ని మిల్లీమీటర్లు నిలిచాయో స్కేలుతో కొలిస్తే మీ లెక్క తెలుస్తుంది. ఒక డబ్బా నిండి ఒకటి ఖాళీగా ఉంటే స్ప్రింక్లర్ జరపాలని అర్థం.

మన ఎర్ర నేల పైన పొర కడుతుంది. ఒకేసారి పోస్తే సగం పారిపోతుంది. అందుకని 10 నిమిషాలు పెట్టి ఆపండి. అరగంట ఇంకనివ్వండి. మళ్లీ 10 నిమిషాలు పెట్టండి.

పోసిన మరుసటి రోజు ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ గానీ, సన్న ఇనుప చువ్వ గానీ గుచ్చండి. అర అడుగు దాకా సులభంగా దిగితే తడి సరిపోయింది. రెండంగుళాలకే ఆగిపోతే పైపైన తడిపినట్టు.

పొద్దున 5 నుంచి 7 లోపల పెట్టడం మంచిది. మధ్యాహ్నం పెడితే ఆవిరికే సరిపోతుంది. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులు వస్తుంది, కాబట్టి సాయంత్రం కూడా వద్దు.

తేదీ చూసి కాదు, గడ్డిని చూసి పెట్టండి. పచ్చిక మీద నడిచి వెనక్కి తిరిగి చూడండి. గడ్డి వెంటనే లేచి నిలబడితే నీళ్లు అవసరం లేదు. మీ పాదాల గుర్తులు అట్లాగే ఉండిపోయి, రంగు కొంచెం నీలిబూడిదగా మారి, ఆకులు ముడుచుకుంటే మరుసటి రోజు పొద్దున నీళ్లు పెట్టండి. గడ్డి అడిగిన తర్వాత ఇవ్వాలి, అడగకముందు కాదు. చలికాలంలో గరిక పెరుగుదల తగ్గుతుంది, పది పదిహేను రోజులకొకసారి పెట్టినా చాలు. ఫిబ్రవరి నుంచే తడికి తడికి మధ్య రోజులు కొంచెం కొంచెంగా పెంచితే వేరు లోతుకు పోయి ఏప్రిల్‌కు సిద్ధంగా ఉంటుంది.

బట్టలు ఉతికిన నీళ్లు పెట్టొచ్చా అని అడుగుతారు. సబ్బు పొడిలో ఉప్పులు ఉంటాయి. మన బోరు నీళ్లే చాలాచోట్ల ఉప్పు. రెండూ కలిస్తే నేల చౌడు తేలుతుంది. నేను పెట్టను.

కోయడం: గడ్డి ఎత్తే దాని గొడుగు

ఎండాకాలంలో మనం చేసే ఇంకో తప్పు, నున్నగా గొరిగేయడం. గడ్డి ఎంత పొట్టిగా ఉంటే వేరు అంత పొట్టిగా ఉంటుంది. నేలకు నీడ కూడా ఉండదు. ఎండాకాలంలో 2 అంగుళాల ఎత్తు ఉంచండి. 3 అంగుళాలు పెరిగాక 2కు కోయాలి. ఎప్పుడైనా మూడో వంతు కంటే ఎక్కువ ఒకేసారి కోయొద్దు.

ఒక సెంటుకు కరెంటు మిషన్ అవసరం లేదు. చేత్తో తోసే మిషన్ గానీ, పదునైన కొడవలి గానీ చాలు. మొండి కత్తి అయితే ఆకు తెగదు, చినుగుతుంది. చినిగిన కొన తెల్లగా ఎండిపోయి గడ్డంతా వెలిసినట్టు కనిపిస్తుంది.

కోసిన ముక్కలు చిన్నవైతే అక్కడే వదిలేయండి. అది మల్చింగ్, అదే ఎరువు. వానాకాలంలో ఎక్కువ వస్తే మా దూడకు వేస్తాం. ప్లాస్టిక్ సంచిలో నింపి బయట పారేసే పని మాత్రం చేయొద్దు, నేల ఇచ్చినదాన్ని నేలకే ఇవ్వాలి.

మేత: ఎండల్లో బలవంతంగా తినిపించొద్దు

యూరియా చల్లితే వారంలో నల్లపచ్చగా అవుతుందని అంటారు. అవుతుంది. ఆకు ఎక్కువ పెరుగుతుంది, ఎక్కువ ఆకు ఎక్కువ నీళ్లు అడుగుతుంది. నీళ్లు లేని నెలలో ఆకలి లేనివాడికి అన్నం పెట్టి దాహం తెప్పించినట్టు అవుతుంది.

మేము చేసేది ఇంతే. తొలకరికి సెంటుకు 4 కిలోల ఘన జీవామృతం పొడి చేసి, జల్లెడ పట్టి చల్లుతాం. జూన్ నుంచి నవంబరు దాకా నెలకోసారి 2 లీటర్ల జీవామృతం వడగట్టి, 20 లీటర్ల నీళ్లలో కలిపి, తడి ఉన్న నేల మీద సాయంత్రం పూట చల్లుతాం. జీవామృతం తయారీ మీకు తెలిసిందే. 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. లాన్ కోసం ప్రత్యేకంగా చేయక్కరలేదు, తోటకు చేసినదాంట్లో రెండు లీటర్లు తీసుకుంటే చాలు. ఎండు నేల మీద పోయొద్దు, సూక్ష్మజీవులు బతకడానికి తేమ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏమీ వేయం.

పురుగు, కలుపు

పచ్చికలో అక్కడక్కడ గుండ్రంగా పసుపు మచ్చలు వచ్చి, పట్టుకొని లాగితే చాపలాగా లేచి వస్తే వేరుపురుగు అని అనుమానించండి. ఒక అడుగు చదరం తవ్వి చూడండి. తెల్లగా, సగం చంద్రుడిలా వంగిన పురుగులు కనిపిస్తాయి. వేరుశనగ రైతులకు ఇది పాత పరిచయమే. తొలకరి వానలకు పెంకు పురుగులు నేలలో నుంచి లేచి రాత్రిపూట వేప, రేగు చెట్ల ఆకులు తింటాయి. ఆ రాత్రుల్లో కొమ్మలు ఊపి, కింద పడ్డవాటిని ఏరి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేస్తే ముందు తరానికే అడ్డుకట్ట. నేలలో వేపపిండి వేసుకోవడం కూడా ఉపయోగం. వయ్యారిభామ, పల్లేరు పూతకు రాకముందే చేత్తో పీకేయండి. గడ్డి ఒత్తుగా ఉంటే కొత్త కలుపుకు చోటు దొరకదు.

నీళ్లు అసలే లేకపోతే: గడ్డిని నిద్రపోనివ్వండి

గరిక వేసిన మరుసటి ఎండాకాలం బోరు మళ్లీ తగ్గింది. ఈసారి ఆలోచించలేదు. నీళ్లన్నీ చెట్లకు. ఏప్రిల్ మధ్య నుంచి పచ్చికకు నీళ్లు ఆపేశాను. పది రోజుల్లో గోధుమ రంగుకు తిరిగింది. వచ్చినోళ్లు "చచ్చిపోయిందా?" అని అడిగారు. "నిద్రపోతాంది" అని అవ్వ మాటే చెప్పాను.

నిద్రలో ఉన్న గడ్డికి మూడే నియమాలు. మూడు వారాలకు ఒకసారి సెంటుకు 400 లీటర్లు, అంటే 10 మిల్లీమీటర్లు, లోపలి కాండం ఎండిపోకుండా ఉండటానికి. కోయొద్దు, ఎరువు వేయొద్దు. ఎక్కువగా తొక్కొద్దు. ఇంకొకటి, మధ్యలో జాలిపడి ఒకసారి బాగా నీళ్లు పెట్టి లేపి, మళ్లీ ఎండబెట్టొద్దు. లేచి పడుకుంటే దాచుకున్న బలం అయిపోతుంది.

జూన్‌లో వాన పడింది. పన్నెండు రోజుల్లో నేలంతా పచ్చబడింది.

కాబట్టి వరస ముందే రాసి పెట్టుకోండి. తాగే నీళ్లు, పశువులు, చెట్లు, కూరగాయలు, ఆ తర్వాతే గడ్డి. నీళ్లు తగ్గినప్పుడు కింది నుంచి కోత పెట్టాలి.

తీసుకున్న నీళ్లు తిరిగి ఇవ్వాలి

చివరి లెక్క. మా మిద్దె 1,000 చదరపు అడుగులు, అంటే సుమారు 93 చదరపు మీటర్లు. 550 మిల్లీమీటర్ల వానకు దాని మీద 51,000 లీటర్లు పడతాయి. నష్టాలు తీసేసినా 40,000 లీటర్లు. ఇదివరకు అదంతా రోడ్డు మీదికి పోయేది. ఇప్పుడు పైపు ద్వారా బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి పోతుంది. మా సెంటు పచ్చిక ఏడాది మొత్తానికి తాగేది సుమారు 25,000 లీటర్లు. గుంతలో పోసిందంతా బోరుకే చేరదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ తీసుకుంటున్నదానికంటే ఎక్కువ నేలకు ఇస్తున్నాం. లాన్ పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందు ఇంకుడు గుంత తవ్వండి, తర్వాత గరిక తవ్వుకురండి. ఈ వరస మార్చొద్దు.

నాయన అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇప్పుడు ఇది. అప్పుడు వారానికి 10,080 లీటర్లు, ఇప్పుడు 1,000. అదీ నీళ్లున్న సంవత్సరమే. చివరి వరసలో చచ్చిపోయిన చోట మళ్లీ నాలుగు చీనీ మొక్కలు నాటాం. మొన్న ఎండాకాలం వాటికి ఒక్క రోజు కూడా నీళ్లు తప్పలేదు. సాయంత్రాలు నాయన వేపచెట్టు కింద మంచం పచ్చిక పక్కకు జరుపుకొని కూర్చుంటాడు. గడ్డి గురించి ఏమీ అనడు. అప్పుడప్పుడు స్క్రూడ్రైవర్ తీసుకొని గుచ్చి చూస్తాడు, తడి ఉంటే "ఈరోజు వద్దులే" అంటాడు.

మీరు కూడా రేపు పొద్దున పైపు పట్టుకునే ముందు ఒక బకెట్ పెట్టి, గడియారం చూసి లెక్క వేసుకోండి. మీ గడ్డి రోజుకు ఎన్ని చెట్ల నీళ్లు తాగుతోందో తెలిస్తే, మిగతాదంతా మీకే తోస్తుంది.